కార్డు అంచున పుట్టింటి చిల్లు

మా ద్వీపానికి స్వాతంత్ర్యం రావడానికి మూడేళ్ళ ముందు, చెరకు కోతలు మొదలైన నెలలో, నన్ను ఉత్తరాన రివియేర్ దు రాంపార్ వైపు ఉన్న ఒక ఆసుపత్రి రికార్డుల గదిలో రెండో తరగతి గుమాస్తాగా వేశారు. మద్రాసులో బి.ఎస్‌సి. చదివి వచ్చినదాన్ని కనుక, కొత్తగా వచ్చే ఏ పరికరం సంగతైనా నన్నే అడుగుతారనుకున్నాను. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. విశ్రాంత ఉద్యోగి అనే మాట నా వయసుకు నప్పదు గానీ, పిల్ల కోసం రాజీనామా ఇచ్చినవాళ్ళకి వేరే మాట ఉన్నట్టు లేదు. పాపకి రెండు రోజులుగా దగ్గు. ఒక చెవి ఉయ్యాల వైపు పెట్టుకునే రాస్తున్నాను.

ఆ రోజుల్లో మా ద్వీపంలో ప్రతి ఆసుపత్రికీ ఒకే రకం సందేహాలు. ఎక్స్‌రే యంత్రం ఏది కొనాలి, మన కరెంటుకి ఏది తట్టుకుంటుంది, రోగుల కాగితాలు ఎలా దాస్తే వెంటనే దొరుకుతాయి. చెప్పేవాళ్ళు లేరు. ఆరోగ్య శాఖ ఇంగ్లండు నుంచి ఒక సలహాదారుని రప్పించింది. ఆయన వచ్చాడని తెలియగానే చక్కెర ఎస్టేట్ల ఆసుపత్రులు, పోర్ట్ లూయీ ప్రైవేటు క్లినిక్కులు కూడా మా దగ్గరికి రావాలంటే మా దగ్గరికి రావాలన్నాయి. ఉన్నది ఒక్క మనిషి. అందుకని శాఖ ‘సహాయ సలహాదారు’ అనే తాత్కాలిక హోదా ఒకటి పెట్టింది. గుమాస్తాల్లోంచి ఒకరిని ఎంచి ఆయనతో అన్ని జిల్లాలూ తిప్పుతారు. ఆయన వెళ్ళిపోయాక ఆ మనిషినే ఖాయం చేస్తారు. ఈ దేశానికి సొంతంగా ఒక సలహాదారు అన్నమాట. నాకు ఆ హోదా కావాలి. నా జీవితంలో అంతగా కోరుకున్న ఉద్యోగం మరొకటి లేదు.

సరోజినికి ఇచ్చారు.

సరోజిని నా పక్క బల్ల మీద పనిచేసేది. లాల్మతీలో చిన్న దుకాణం నడిపే వాళ్ళ అమ్మాయి. స్కూల్ సర్టిఫికెట్‌తో చదువు ఆపింది. పెళ్ళి కాలేదు. నేను వెళ్ళి మా సూపరింటెండెంటుని అడిగాను. ఆయన క్రెయోల్ పెద్దమనిషి, అందరం ‘మిస్యే’ అని పిలిచేవాళ్ళం. “బే అలోర్, మరైతే మదాం, వ్యాను తెల్లారగానే బయల్దేరుతుంది. మీ పాప పాలకి ఏడిస్తే కొండ మధ్యలో వ్యాను ఆపమంటారా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నేను నవ్వలేదు.

ఆ తరవాత ప్రతి ఉదయం సర్కారు వ్యాను మా గేటు ముందు ఆగేది. డ్రైవరు దిగి సరోజినికి తలుపు తీసేవాడు. బస్సులో నిలబడి వచ్చి, నలిగిన చీర సర్దుకుంటూ నేను అది చూసేదాన్ని. సాయంత్రం ఆమె తిరిగొచ్చి, “పాప ఎలా ఉంది అక్కా?” అని అడిగేది. నన్ను అడగడానికి ప్రపంచంలో ఇంకేమీ లేనట్టు.

సలహాదారూ సరోజినీ కలిసి తెచ్చిన పద్ధతి సూది కార్డులు. గట్టి కార్డు, నాలుగు అంచులా వరసగా చిల్లులు. ఒక్కో చిల్లు ఒక్కో విషయం: జిల్లా, కాన్పు నెల, రక్తం రకం. రోగికి వర్తించే చిల్లుని అంచుదాకా కత్తిరించి గాటు పెడతాం. కార్డుల కట్టలో కావలసిన చిల్లు గుండా పొడుగాటి సూది దూర్చి పైకెత్తి ఊపితే, గాటు ఉన్న కార్డులు మాత్రమే జారి కింద పడతాయి. వెతకడమన్నది లేదు. గర్భిణికి మొదటి పరీక్ష ఏ డిస్పెన్సరీలో జరిగితే అక్కడే కార్డు తయారుచేసి, ఆమె నివాసమున్న జిల్లా ఆసుపత్రికి పంపేవారు. అక్కడ ప్రతి నెలా కాన్పు నెలకీ, నెగెటివ్ రక్తానికీ సూది వేసి, రాలిన కార్డులు చూసి ముందుగానే రక్తం సిద్ధం చేసుకోవాలి. చక్కని పద్ధతి. పనిచేసింది కూడా. నాకు కష్టం కలిగించింది అదే.

మా అత్తవారిది ఆ ఆసుపత్రికి దగ్గర ఊరే. మా ఆడపడుచు సీతని దక్షిణాన నువెల్ ఫ్రాన్స్‌లో ఇచ్చారు. తొలి కాన్పుకి ఏడో నెల దాటాక అమ్మ దగ్గరికి వచ్చింది. నొప్పులు మొదలైన మధ్యాహ్నం మా అత్తమ్మ ఆమెని మా ఆసుపత్రికే తీసుకొచ్చింది. నేను ట్రేలో సూది వేశాను. సీత కార్డు రాలలేదు. కట్టంతా చేత్తో తిరగేశాను, లేదు. ఈలోగా ప్రయోగశాల వాళ్ళు రక్తం చూసి నెగెటివ్ అన్నారు. మా దగ్గర ఆ రక్తం లేదు.

దక్షిణాన ఆమె అత్తవారి జిల్లా ఆసుపత్రికి ఫోన్ చేశాను. అక్కడి గుమాస్తా ఎంతో సంతోషంగా, “ఆమె కార్డు ఇక్కడే ఉంది మదాం, సీసా కూడా సిద్ధంగా ఉంచాం, ఇంకా రాలేదేమిటి?” అన్నాడు. రక్తం దక్షిణంలో, మనిషి ఉత్తరంలో. మంచుపెట్టెలో పెట్టి వ్యానులో పంపమని ప్రాధేయపడ్డాను. బిడ్డ పుట్టాక సీతకి రక్తస్రావం ఆగలేదు. సీసా వచ్చేదాకా వరండాలో అత్తమ్మ పక్కన నిలబడ్డాను. ఆమె నా వైపు చూడకుండానే అడిగింది:

“ఆ చిల్లుల కార్డు చేసినవాళ్ళకి అమ్మ లేదా ఏమిటి? తొలి కాన్పు ఎక్కడ జరుగుతుందో ఏ ఆడదాన్ని అడిగినా చెబుతుందే.”

సీసా వేళకి వచ్చింది. సీత బతికింది. మర్నాడు ప్రసూతి వార్డులో మంచం మంచానికీ వెళ్ళి అడిగాను. తొలి కాన్పువాళ్ళు దాదాపు అందరూ పుట్టింటికి వచ్చినవాళ్ళే, వాళ్ళ కార్డులన్నీ అత్తవారి జిల్లాల్లోనే. మా వాళ్ళలో ఈ ఆచారం తెలియనివాళ్ళు లేరు. అయినా డిస్పెన్సరీలో “నివాసం?” అని అడిగితే అందరూ అత్తవారి ఊరే చెప్పారు, రాసేవాళ్ళు అదే రాశారు, సరోజినితో సహా.

ఆ సాయంత్రం ఇంటికి వస్తూ బస్సులో నాకు కలిగిన ఆనందం గురించి అబద్ధం చెప్పను. సరోజిని పద్ధతిలో లోపం దొరికింది. అది శాఖ సమీక్షా సమావేశంలో, అందరి ముందూ, నా నోటితోనే చెప్పాలి. ఆ హోదా ఇంకా ఖాయం కాలేదు. పాపకి స్నానం చేయిస్తున్నా, అన్నం వండుతున్నా ఆ వాక్యాలనే ఇంగ్లీషులో దిద్దుకున్నాను. అత్తమ్మ కనిపెట్టింది. “నీకు జాలు పట్టింది, కోడలా. పాలు విరుగుతాయి జాగ్రత్త,” అంది. క్రెయోల్ భాషలో జాలు అంటే అసూయ.

సమావేశం పోర్ట్ లూయీలో జరిగింది. నా వంతు రాగానే లేచి, సీత పేరు చెప్పకుండా జరిగింది జరిగినట్టు చెప్పాను. సలహాదారు కళ్ళజోడు తీసి, కాన్పు దగ్గరపడిన మనిషి ఇల్లు వదిలి ఎందుకు వెళుతుందని అడిగాడు. గదిలో మా వాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిస్యే గొంతు సవరించుకుని, “మా ఆవిడ కూడా వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిందండీ, కాకపోతే కాన్పుకి కాదు,” అన్నాడు. అందరూ నవ్వారు. నేను సరోజినినే చూస్తున్నాను. ఆమె మొహం తెల్లబోయింది. అది చూడటానికే నేను అంత దూరం వచ్చాను.

నవ్వులు ఆగేలోపే ఆమె లేచింది. చేతిలో ఖాళీ కార్డు ఒకటి ఉంది. “అక్క చెప్పింది నిజం. నేను అడగవలసింది, అడగలేదు,” అంది. కార్డు కింది అంచున ఏ విషయానికీ కేటాయించకుండా వదిలిన చిల్లులు చూపించింది. అవి కాన్పు జరిగే జిల్లాకి ఇద్దాం, డిస్పెన్సరీలో “నివాసం?” తరవాత “కాన్పు ఎక్కడ?” అని మరో ప్రశ్న అడుగుదాం, నెలకోసారి ఆ చిల్లులకి సూది వేసి రాలిన కార్డులు ఆ జిల్లాకి పంపుదాం అంది. చెబుతూనే కత్తెరతో గాటు పెట్టి చూపించింది. సలహాదారు ఆ కార్డుని తీసుకుని వెలుగుకి పట్టి చూశాడు. ఆ తరవాత నా వైపు ఎవరూ చూడలేదు.

అన్ని జిల్లాల్లోనూ ఆ మార్పు చేశారు. ఆ తరవాత మా వార్డులో సీతకి వచ్చినటువంటి ఇబ్బంది మళ్ళీ రాలేదు. సమావేశపు నివేదికలో నాకు కృతజ్ఞతలు తెలిపారు. సరోజినికి హోదా ఖాయమైంది. మరుసటి ఏడాది పాపకి జ్వరాలు ఎక్కువై నేను రాజీనామా ఇచ్చాను. సరోజిని ఇప్పుడు ఎస్టేట్ల ఆసుపత్రుల్లో తిరుగుతోంది. ఆమె తేదీ దొరకాలంటే నెలలు ఆగాలట. మా వీధిలోంచి వ్యాను వెళ్ళిన చప్పుడైతే ఇప్పటికీ కిటికీ దగ్గరికి వెళతాను.

ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒకటే. ఆసుపత్రికి ఏ పద్ధతి తెచ్చినా, మనిషి ఎక్కడ ఉంటుందని అడిగి ఊరుకోకూడదు, అవసరం వచ్చిన రోజున ఎక్కడ ఉంటుందో అడగాలి. ఇక లోపం కనిపెట్టినప్పుడు, దాన్ని ఎవరి ముందు చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి. కార్డు చేతిలోకి తీసుకుని, ఖాళీ చిల్లు ఎక్కడుందో చూడండి. ఆ సాయంత్రం బస్సులో నాకు కావలసినంత సమయం దొరికింది. ఖాళీ కార్డు ఒకటి కూడా అప్పుడు నా సంచీలోనే ఉంది.