గీత పక్కన ఖాళీ

నంద్యాల లైబ్రేరియన్ ఏ రచయిత పేరు విన్నా మొదట అడిగే మాట ఒకటే: "ఆయప్ప ఉండాడా, పోయినాడా?"

ఎనభైల మొదట్లో నేను ఆళ్లగడ్డ లైబ్రరీలో పని చేసేదాన్ని. ఒకే రచయిత నంద్యాలలో ఈయన బీరువాలో అసలు పేరుతో, ఆళ్లగడ్డలో నా బీరువాలో కలంపేరుతో కాపురం ఉండేవాడు. ఈ రెండు కాపురాలు కుదరవని, రెండు లైబ్రరీలకూ కలిపి మనిషికి ఒకే పేరు, ఒకే కార్డు అని ఖాయం చేసుకున్నాం. పేరు కింద పుట్టిన ఏడు, ఒక గీత, పోయిన ఏడు. కార్డు మీద సంతకాలు చేసిన ఇద్దరమూ మళ్లీ సంతకాలు పెడితే తప్ప దాని మీద అక్షరం మారకూడదన్నది ఆయన పెట్టిన చట్టం.

ఒకసారి ఒక పెద్ద నవలాకారుడికి ఉత్తరం రాశాడు: "తమరు బతికి ఉన్నదీ లేనిదీ తిరుగు టపాలో తెలుపగలరు." నాలుగు పేజీల తిట్లు వచ్చాయి. వాటిని పట్టుకుని సంబరంగా బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చాడు.

"ఇంత తిడతాండాడంటే గట్టిగానే ఉండాడమ్మా. గీత పక్కన ఖాళీ ఉండనీ."

తర్వాత తనే శనగపంట మీద ఓ చిన్న పుస్తకం అచ్చేయించి, తన కార్డు తనే రాసుకొచ్చి, నా చేత సంతకం పెట్టించుకున్నాడు.

ఆయన పోయిన నెలకు, ఆ కుర్చీలోకి వచ్చిన కొత్తాయన ఆ కార్డు తెచ్చాడు.

"పెద్దాయన పోయినాడు కదక్కా. ఏడు రాసి సంతకం పెట్టు."

నేను కార్డు ముట్టుకోలేదు.

"ముందు ఆయప్ప సంతకం తీసుకురాపో నాయనా. నాది అప్పుడు పెడతా."