స్క్రాంటన్‌లో ఎవరికీ దక్కని కుర్చీ

శనివారం ఉదయం ఏడుంబావుకి జెర్సీ సిటీలో లోకల్ ట్రైన్ ఎక్కాం. ఎనిమిదిన్నరకి మన్‌హాటన్ నుంచి స్క్రాంటన్ బస్సు. ఈ ప్రయాణానికి కారకులు మా ఆఫీస్ వెంకటేశం గారు. పగలు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తారు. మిగతా వేళల్లో కంద పద్యాలు రాసి మా వాట్సాప్ గ్రూప్‌లో పెడతారు.

పెన్సిల్వేనియా బొగ్గు గనుల్లో పనికి వేల్స్ దేశం నుంచి వచ్చినవాళ్ల బతుకులో వందేళ్ల కిందటి ఒకే ఒక ఏడాదిని తీసుకుని, స్క్రాంటన్‌లో ఒక చర్చి హాల్లో ప్రదర్శన పెట్టారు. అందులో పద్యాల పోటీ సంగతి ఉందని చదవగానే ఆయన టికెట్లు బుక్ చేసేశారు.

"గనుల పనిచేసేటోళ్లు పద్యాలు రాసిన్రట చెల్లె! చూడకుంటే ఎట్ల?"

బస్సులో పులిహోర డబ్బా తెరిచాం. ఇది బ్రేక్‌ఫాస్టా, లంచా అని పక్క సీటాయన అడిగాడు. రెండూ అని చెప్పి, ఆయనకీ కాస్త పెట్టాం. పదకొండుకి దిగాం. అక్కణ్ణుంచి హాలు పది నిమిషాల నడక.

ఆ ఏడాదంతా గోడలకి వేలాడుతోంది: బృందగానం పోటీల ఫోటోలు, చర్చి టీ విందుల ఆహ్వానాలు, ఒక సమ్మె కరపత్రం, వెల్ష్ భాషలో అచ్చయిన పత్రిక. చివర నగిషీలు చెక్కిన పెద్ద కుర్చీ. పద్యాల పోటీలో గెలిచినవాళ్లకి బహుమతి కుర్చీయేనట.

"ఇది మాత్రం ఎవరికీ దక్కలేదు. ఆ ఏడాది ఒక్క పద్యమూ బహుమతికి తగినట్టు లేదన్నారు న్యాయనిర్ణేతలు. ఓడినవాళ్లలో మా తాత ఒకడు," అంది గ్వెన్. ప్రదర్శన చూపిస్తున్న ఎనభై ఏళ్ల ఆవిడ.

వెల్ష్ పద్యంలో పాదం మొదటి సగంలోని హల్లులు రెండో సగంలో అదే వరసలో తిరిగి రావాలని ఆవిడ చెప్పగానే వెంకటేశం గారు ఎగిరి గంతేసినంత పని చేశారు.

"అరే, ఇది మన యతికి మేనత్త కొడుకే!"

యతి అంటే ఏమిటో ఆవిడకి వివరించారు. తన పద్యం బాగుంటే ఆ కుర్చీలో కూర్చోవచ్చా అని అడిగారు.

"తీర్పు నాది," అంటూ గ్వెన్ కళ్లద్దాలు సర్దుకుంది.

బొగ్గు మీద రాసిన కందం రాగం తీసి చదివారు. యతి వచ్చే రెండుచోట్లా బల్ల మీద చరిచారు. నేను చప్పట్లు కొట్టాను. గ్వెన్ కొట్టలేదు. మళ్లీ చదవమంది.

"మొదటిసారి బల్ల చరిచినప్పుడు పాదం మొదట్లోని శబ్దం తిరిగొచ్చింది. రెండోసారి రాలేదు."

వెంకటేశం గారు వేళ్ల మీద లెక్కపెట్టుకున్నారు. మొహం చిన్నబోయింది. "నిజమే చెల్లె. నాలుగో పాదంల యతి తప్పింది."

కుర్చీ ఖాళీగానే ఉండిపోయింది. "తాతయితే వాదించేవాడు," అని నవ్వి, పెనం మీద కాల్చిన ఎండుద్రాక్ష బిళ్లలు పెట్టింది గ్వెన్. ఈ ప్రదర్శనకి వెళ్లేవాళ్లు వాటి కోసమైనా వెళ్లండి.

నాలుగింటి తిరుగు బస్సులో ఆయన ఇంకా వేళ్ల మీద లెక్కపెడుతూనే ఉన్నారు. నొచ్చుకున్నారేమోనని, "పోనీలెండి, ఆవిడకి తెలుగు రాదుగా," అన్నాను.

"బాధ కాదు చెల్లె. పన్నెండేండ్ల సంది రాస్తున్న. అందరు సూపర్ అన్నరు. విన్నది ఈమె ఒక్కతే."

ఆ సూపర్‌లలో సగం నావే. కొండలు చూస్తున్నట్టు కిటికీవైపు తిరిగాను. వందేళ్ల కిందట, రోజంతా బొగ్గు తవ్వి వచ్చినవాళ్లు ఒకరి పద్యం ఒకరు అంత పట్టుగా విన్నారన్నమాట. కాసేపటికి ఆయనవైపు తిరిగి, "ఆ నాలుగో పాదం మళ్లీ చదవండి," అన్నాను.