తూము దగ్గర నాలుగో కుర్చీ

పర్యావరణ చట్టాల చరిత్ర మీద ఇదే బ్లాగులో నేను రాసిన వ్యాసం కింద ఆమధ్య ఒక కామెంటు వచ్చింది. "1974లో నీళ్ల చట్టం వచ్చిందన్నారు. భోపాల్ తర్వాత 1986లో పెద్ద చట్టం వచ్చిందన్నారు. బాగుందండీ. మా నూతి దాకా మాత్రం ఏదీ రాలేదు." రాసినావిడ రూతమ్మ టీచరు గారు, రాజోలు దగ్గరి పల్లెలో హైస్కూలు పిల్లలకు సైన్సు చెప్పి రిటైరైన మనిషి. ఫోన్ చేస్తే సంగతి చెప్పారు. ఇంటి వెనక వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువుల మురుగునీళ్లు పక్క కాలువలోకి వదులుతున్నారు. నుయ్యి ఉప్పెక్కింది. అర్జీల మీద అర్జీలు పెట్టగా పెట్టగా, నీటి నమూనా తీయడానికి ఎట్టకేలకు కాలుష్య నియంత్రణ మండలి నుంచి ఒక ఇంజనీరు వస్తున్నారు. "చట్టం తెలిసినవాళ్లు పక్కనుంటే ధైర్యమండీ, వస్తారా?" అన్నారావిడ. రాజమండ్రి కాలేజీలో ఆ చట్టాలే పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నవాణ్ణి, ఎలా కాదంటాను?

ఉదయం ఆరున్నరకి రాజమండ్రి బస్టాండులో రాజోలు బస్సెక్కాను. టికెట్టు నూట ఇరవై దాకా అయింది. జొన్నాడ దగ్గర గోదావరి దాటి రావులపాలెం, కొత్తపేట, పి.గన్నవరం మీదుగా వెళుతుంది, రెండున్నర గంటలకు పైగా పడుతుంది. అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. ఇంటికి తాళం వేసి మూడుసార్లు లాగి చూసే రకాన్ని. పక్క సీటు పెద్దాయన "రాజోలులో ఏం పనండీ?" అనగానే రొయ్యల చెరువులవాళ్ల మనిషేమోననిపించింది. పెళ్లికి వెళుతున్నానన్నాను. "మూఢంలో పెళ్లేంటండీ?" అన్నాడాయన. క్రైస్తవుల పెళ్లని సర్దుకుని, కొత్తపేట దాటేదాకా నిద్ర నటించాను.

రాజోలులో తొమ్మిదింబావుకి దిగి ఆటో మాట్లాడుకున్నాను. రెండువందలన్నాడు, పల్లె దాకా ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది కాబట్టి నేనూ బేరమాడలేదు. డ్రైవరు పేరు సత్తిబాబు, తిరుగు ప్రయాణానికి కూడా ఆగమన్నాను. పావుగంట ప్రయాణంలో అతనికి రెండుసార్లు ఫోన్ వచ్చింది. "ఆయ్... ఎక్కేరండి... ఆయ్, టీచరమ్మ గారింటికేనండి" అంటున్నాడు. ఎవరని అడిగితే "మా బావగారండి" అన్నాడు. బావగారికి నా ప్రయాణంతో ఏం పని? ఆటో నంబరు ఫోనులో రాసుకున్నాను.

టీచరు గారు వాకిట్లోనే నిలబడి ఉన్నారు. ముందు నూతి దగ్గరికి తీసుకెళ్లి, చేద వేసి తోడి, గ్లాసులో పోసి ఇచ్చారు. గుక్క నోట్లో పోసుకుని ఉమ్మేశాను. టీ మాత్రం కొనుక్కున్న టిన్ను నీళ్లతో పెట్టారు. "మా ఆయన తవ్వించిన నుయ్యండీ. వీధంతా ఈ నీళ్లే తాగేవారు. ఇప్పుడు గిన్నెలు తోమినా తెల్లగా చారలు కట్టేత్తన్నాయి," అన్నారు. చెరువు నీళ్లు ఖాళీ చేసేటప్పుడు తూము దగ్గర నల్లగా, కుళ్లు వాసనతో నురగ కక్కుతుందట. ఆ నీళ్లు సీసాలోకి ఎక్కితేనే ఆవిడ అర్జీకి బలం. మంచినీళ్లు ఎక్కాయంటే ఫైలు మూసేస్తారు.

ఆవిడకి ధైర్యం చెబుదామని పాఠం మొదలుపెట్టాను. 1991లో తీరప్రాంతానికి నిబంధనలు, 1996లో తీరం రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో తీరప్రాంత ఆక్వాకల్చరుకి వేరే చట్టం. వీటన్నిటికీ ముందొచ్చిన 1974 చట్టమంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే దాన్ని రాసినవాళ్లు నాలాంటివాళ్లే. నమూనా తీసే అధికారిని నమ్మలేదు, చెరువు యజమానినీ నమ్మలేదు. నోటీసు అక్కడికక్కడే ఇవ్వాలి. నీళ్లు అతని ఎదుటే రెండు భాగాలు చేయాలి. సీలు వేసి ఇద్దరూ సంతకం పెట్టాలి. "అంటే ముందుగా తెలియకూడదనేగా?" అన్నారు టీచరు గారు. అంతేనన్నాను.

పదకొండింటికి ఇంజనీరు, ఆయన సహాయకుడు జీపులో దిగారు. నలుగురం చెరువు గట్టెక్కాం. తూములోంచి నీళ్లు తేటగా, గలగలా వస్తున్నాయి. పక్కనే ఇంజను పంటకాలువ నీళ్లు తోడి తూములోకి పోస్తోంది. గట్టు బురద చూస్తే అది తెల్లవారుజాము నుంచీ నడుస్తున్నట్టుంది. కొబ్బరిచెట్ల నీడలో నాలుగు కుర్చీలు, చెక్కి పెట్టిన నాలుగు బొండాలు. చెరువు సూపర్‌వైజరు చేతులు జోడించి ఎదురొచ్చాడు. "రండి సార్. మాస్టారూ, మీరూ కూర్చోండి, రాజమండ్రి నుంచి వచ్చేరు కదా, అలిసిపోయుంటారు."

కోపంతో నాకు ఒళ్లు తెలియలేదు. గట్టు కింద ఆగి ఉన్న ఆటో దగ్గరికి విసురుగా వెళ్లి "ఎంతకి అమ్మావయ్యా టీచరు గారిని?" అని సత్తిబాబుని అందరి ముందూ కడిగేశాను. అతని మొహం నల్లబడింది. "మా బావగారింటికీ ఆ మురుగే వత్తాదండి. ఆఫీసరు గారొచ్చేలోపు మీరొత్తారా రారా అని అడిగేరండి, అంతేనండి," అన్నాడు.

సూపర్‌వైజరు నా వెనకే వచ్చాడు. "అతన్నేమీ అనకండి మాస్టారూ. మీ బ్లాగు మేం చదువుతామండి. నిన్న సాయంత్రం పెట్టేరు కదా, రేపు పదకొండింటికి రాజోలు దగ్గర నీటి నమూనా తీస్తారు, ఆరున్నర బస్సుకి వెళుతున్నానని. టైములూ రూట్లూ భలే వివరంగా ఇస్తారండి మీరు." అతని మాటలో వెటకారం కూడా లేదు. నిజంగానే మెచ్చుకున్నాడు.

బస్సులో పెద్దాయనకి పెళ్లని అబద్ధమాడినవాణ్ణి, ఊరందరికీ నేనే చాటింపు వేశాను. ఇంజనీరు ఇబ్బందిగా నావైపు చూసి, నిబంధన ప్రకారం ఆ తేటనీళ్లే రెండు సీసాల్లో పట్టి, సీలు వేసి సంతకాలు పెట్టించారు. ఇంజను సంగతి రిపోర్టులో రాయమని టీచరు గారు అడిగితే, "రాస్తానమ్మా, కానీ ల్యాబులో పలికేది సీసాయేనండి," అన్నారాయన.

సత్తిబాబుకి క్షమాపణ చెప్పాను. "పర్లేదండి" అన్నాడు. తిరుగు ప్రయాణంలో అతని ఫోను ఒక్కసారీ మోగలేదు. బయలుదేరేముందు టీచరు గారి ముందు తలెత్తలేకపోయాను. ఆవిడ తిట్టలేదు. మళ్లీ అర్జీ పెడతానన్నారు. నేనే రాసిస్తానన్నాను, సాక్షిగా మళ్లీ వస్తానని కూడా అన్నాను. అర్జీ రాసిపెట్టమన్నారు. తర్వాత, ఎప్పటి మర్యాదతోనే, "ఈసారి తేదీ మాత్రం మీకు చెప్పనండీ," అన్నారు.

మూడింటి బస్సులో కూర్చుని లెక్క చూసుకున్నాను. నీళ్ల చట్టం అధికారినీ యజమానినీ అనుమానించింది, నేను ఆటో అతన్నీ బస్సులో ముసలాయన్నీ అనుమానించాను. నన్ను అనుమానించాల్సిన అవసరం ఉందని నాకే తట్టలేదు, ఆ తట్టకపోవడానికి టిన్ను నీళ్లు కొనుక్కుంటున్న మనిషి మూల్యం చెల్లిస్తోంది. సిగ్గుగా ఉంది. అర్జీ రాసి ఆవిడకి తపాలాలో పంపాను. ఆవిడ ఇంకా ఫోన్ చేయలేదు, నమూనా తీసేదాకా చేయకూడదనే కోరుకుంటున్నాను. ఇలాంటి పని మీద వెళ్లేవారికి నా సలహా ఒక్కటే: బస్సు టైములూ దారులూ అన్నీ రాయండి, ఇంటికి తిరిగొచ్చి తాళం తీశాక రాయండి.