తన కథే తప్పు చెప్పిన ఓబ్రీ

వీరుల కథలు నోటి నుంచి తోలుపుటల మీదికి ఎక్కడం గొప్ప పుణ్యకార్యమని మా షాంపేన్ సీమ పండితులు అంటారు. ఆ పుణ్యం ఎవరి ఖాతాలో పడిందో గాని, ఓబ్రీకి మాత్రం కూడు పోయేంత పని అయింది.

ఓబ్రీ కథలు చెప్పుకుని బతికేవాడు. ఎండాకాలమంతా సంతలు పట్టుకు తిరిగి, చలి మొదలయ్యే మార్టిన్ పండుగకి వాల్‌సెరన్ కోటకి చేరేవాడు. అప్పటి నుంచి ఈస్టర్ దాకా పొయ్యి పక్కన చోటు అతనిదే. భోజనాల వేళ ఎవ్రార్ అనే వాల్‌సెరన్ యోధుడి కథ ఎత్తుకునేవాడు. ఎవ్రార్ కత్తి పైకెత్తగానే ఆపేసేవాడు. పళ్లెంలో పందికాలు పడితేనే కత్తి కిందికి దిగేది. ఇరవై ఏళ్లు ఇలాగే గడిచాయి, ఎవరికీ ఫిర్యాదు లేదు.

పక్క కోట దొరసానికి కథల పుస్తకం ఉందని తెలిశాక మా దొరసాని ఎర్మెంజార్‌కి నిద్ర పట్టలేదు. రాయడానికి మఠం నుంచి రెనియే అనే సన్యాసిని రప్పించింది. ఈయన అంతకుముందు ఒక సాధువు చరిత్రకి నకలు తీస్తూ, మహిమలు తక్కువయ్యాయనిపించి, సొంతవి రెండు కలిపి దొరికిపోయాడు. అందుకని మఠాధిపతి మఠంలో పూజకి దాచిన ఆ సాధువు ఎముక మీదే చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాడు. ఓబ్రీ నోట ఎవ్రార్ కథలో ఏ మాట వస్తే ఆ మాట, పోకుండా, చేరకుండా రాయాలి.

రాశాడు. రెండు డజన్ల లేగదూడల తోలు ఖర్చయింది. అందులో ఇలా ఉంది: ఎవ్రార్ కత్తి ఎత్తి, "ద్రోహీ, నీ ఆయువు తీరింది. ఈ కుక్కని నా కాలు దగ్గర్నుంచి లాగండయ్యా. పందికాలు ఏదీ? నీ తల ఇక నీది కాదు" అన్నాడు.

రెనియే దీన్ని గంభీరంగా చదివి వినిపిస్తే ఒక్కరూ నవ్వలేదు. పుస్తకంలో ఉన్నదాన్ని చూసి ఎవరు నవ్వుతారు? కోట గురువుగారు లేచి, కుక్క అంటే ఆత్మని పట్టుకున్న సైతాననీ, పందికాలు అంటే ఐహిక సుఖమనీ వివరించారు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

మర్నాడు ఓబ్రీ ఎప్పటిలాగే కథ ఎత్తుకున్నాడు. కోట పెత్తనం చూసే మిలోన్ మధ్యలో అడ్డొచ్చాడు.

"ఆగవయ్యా. కుక్కేదీ?"

"ఏ కుక్కండీ?"

"ఎవ్రార్ కాలు పట్టుకున్న కుక్క."

"అది మీ వంటవాడి కుక్కండి. ఆవేళ పట్టుకుంది నా కాలు. ఇదిగో మచ్చ."

"నీ మచ్చ ఎవడిక్కావాలి? ఇరవై ఏళ్లు మా తిండి తిని కథ సరిగ్గా నేర్చుకోలేకపోయావా?"

"ఆ కథ కట్టిందే నేనండీ."

"అందుకే నీకు రాలేదు."

దొరసాని తీర్పు చెప్పింది. "ఆదివారం పుస్తకంలో ఉన్నట్టు చెప్పు. ఒక్క మాట తప్పినా ఆ చోటు ఖాళీ చెయ్యాలి. రెనియే సామి కూర్చుని చదువుతారు."

ఓబ్రీకి అక్షరం ముక్క రాదు. మూడు రోజులు రెనియే చేత చదివించుకుని వల్లె వేశాడు.

"సామీ, కత్తి ఎత్తినవాడు పందికాలు ఎందుకు అడుగుతాడు?"

"నన్నడిగితే? నువ్వు చెప్పిందే."

ఆదివారం కథ బాగానే నడిచింది. కుక్క సరైన చోట వచ్చింది. ఓబ్రీ పందికాలు అడిగాడు. ఎవరూ కదల్లేదు. అడిగింది ఎవ్రార్ కదా! పొద్దుటి నుంచీ ఏమీ తినని ఓబ్రీకి ఒళ్లు మండింది.

"అప్పుడు ఎవ్రార్ తల తెగి కింద పడింది" అన్నాడు.

"తప్పు," అన్నాడు మిలోన్. "ఇంకా పన్నెండు యుద్ధాలున్నాయి."

"ఉంటే తల లేకుండా చేసుకుంటాడు."

"బయటికి నడు" అంది దొరసాని.

ఓబ్రీ మూట సర్దుకున్నాడు. రెనియే కూడా సిరాబుడ్డి తీసుకుని లేచాడు.

"మీరెక్కడికి సామీ?"

"వీడి వెనకాలేనమ్మా. ఒట్టులో వీడి నోరు అనే ఉంది, మీ కోట అని లేదు. తల తెగినట్టు ఇప్పుడే రాసేశాను."

"ఎందులో?"

"మీ పుస్తకంలోనే."

ఓబ్రీ గుమ్మం దగ్గర ఆగాడు. "పక్క కోటకి పోతున్నానమ్మా. అక్కడ చెప్పేటప్పుడు ఎవ్రార్ వాళ్ల ఊరివాడే."

దొరసాని పుస్తకం వైపు, సన్యాసి చేతిలో కలం వైపు చూసింది.

"కూర్చో," అంది చివరికి. "ఈస్టర్ దాకా కాదు, బతికినన్నాళ్లూ. రోజూ పందికాలు పెట్టిస్తాను. ఎవ్రార్ పేరు మాత్రం ఎత్తకు."

ఆ తర్వాత ఓబ్రీ పదకొండేళ్లు బతికాడు. మా వైపు కథ చెప్పనందుకు తిండి సంపాదించిన కథకుడు ఇతనొక్కడే. పులుసు చల్లారిపోయి వస్తే గొంతు సవరించుకుని "అనగనగా ఎవ్రార్..." అనేవాడు. మిలోన్ వేడి గిన్నె పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాడు, రెనియే కలం పట్టుకుని.