బోర్డుకెక్కని ప్రయాణాలు

శిక్షణ తరగతులు చెప్పిన ఇన్నేళ్ళలో నేను మిర్చి గోదాము ఉదాహరణ చెప్పని తరగతి లేదు. ఒక చిన్న మార్పుతో పని ఎలా పెరిగిందో అందులో ఉంటుంది. విన్నవాళ్ళలో కొందరైనా ఇది చదువుతారని రాస్తున్నాను. ఆ ఉదాహరణ తప్పు. తప్పని నాకు అప్పుడే చెప్పిన మనిషికి ఉద్యోగం పోయింది, నా వల్ల.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో గుంటూరులో మాదొక చిన్న కన్సల్టెన్సీ. పత్తి జిన్నింగు మిల్లులకీ కోల్డ్ స్టోరేజీలకీ పనితీరు మెరుగుపరుచుకునే సలహాలిచ్చేవాళ్ళం. మా పనితీరు కొలవడానికి ఆఫీసు గోడకి తెల్లబోర్డు పెట్టించింది నేనే. క్లయింటు డబ్బు కట్టే పనిదినాలు ఎన్ని, రిపోర్టు గడువులోగా ఇచ్చారా లేదా, ఇచ్చిన రోజుకి క్లయింటుకి ఎంత మెరుగు కనిపించింది, ఇవన్నీ ఒక్కొక్కరి పేరు కింద రాసేవాణ్ణి. రిపోర్టు ఇచ్చాక ఏం జరిగిందో రాసే గడి ఆ బోర్డు మీద లేదు. పెట్టాలని నాకు తోచనే లేదు.

నాతోపాటే చేరిన స్నేహితుడిది చీరాల. వాళ్ళ నాన్నకి అక్కడ లుంగీల కొట్టు. ఇద్దరం కలిసి నరసరావుపేట రోడ్డులో ఒక మిర్చి గోదాము పని ఒప్పుకున్నాం. ఎగుమతి సరుకుకి ఆడవాళ్ళు తొడిమలు తీసేవారు. వాళ్ళదొక పద్ధతి. మధ్యలో కాయలు కుప్పపోసుకుని చుట్టూ కూర్చునేవారు. సాయంత్రం జట్టంతటికీ ఒకటే తూకం, కూలి అందరికీ సమానం. చంటిపిల్ల తల్లి ఒకామె మాటిమాటికీ లేచి వెళ్ళేది. జట్టు పెద్ద ముసలమ్మకి చూపు సరిగా ఆనేది కాదు. చేతులకన్నా ఆవిడ నోరు ఎక్కువ పనిచేసేది.

ఘాటుకి మేం తుమ్ముతుంటే, "ఏందయ్యా, సలహాలు చెప్పేవాళ్ళకి ముక్కులు గట్టిగా ఉండొద్దా?" అంది. జట్టంతా నవ్వింది.

ఎవరి బుట్ట వాళ్ళకి విడిగా తూచి, ఆ తూకాన్ని బట్టే కూలి ఇమ్మని యజమానికి నేను చెప్పాను. ఆ సంగతి విన్నాక ముసలమ్మ నవ్వలేదు.

"అంటే నా బుట్ట చూసి నన్ను పొమ్మంటావా అబ్బాయా?"

"పొమ్మనం అమ్మా. ఎవరి కష్టం వాళ్ళకి తెలియాలి కదా."

"ఎవరి కష్టమేందో మాకు తెలవదంటావా?"

బయటికొచ్చాక స్నేహితుడు, "సీజనయ్యేదాకా చూసి రాద్దాంరా" అన్నాడు. నెలాఖరుకి రిపోర్టు గడువు. నేను ఆగలేదు. విడి తూకం పెట్టగానే పని పెరిగింది, యజమాని సంతోషించాడు. ఆ ఏడాది మా బోర్డు మీద అంతకన్నా పెద్ద అంకె లేదు.

కొన్నాళ్ళకి ఒకరోజు నా స్నేహితుడు మధ్యాహ్నం దాటాక ఆఫీసుకొచ్చాడు. చొక్కా అంతా మిర్చి వాసన.

"మళ్ళీ గోదాముకి వెళ్ళావా? ఆ పని అయిపోయిందిగా. ఇవాళ్టి రోజు ఎవరి లెక్కలో రాయమంటావ్?"

"రాయబాకు. ముందు విను."

జట్టు విడిపోయిందని చెప్పాడు. చిన్న కాయ తీసినా పెద్ద కాయ తీసినా శ్రమ ఒకటే, తూగేది పెద్ద కాయే కాబట్టి, పెద్ద కాయల బస్తాల కోసం పొద్దున్నే తోపులాట. తొందరగా లాగితే తొడిమతో పాటు కాయ మెడ చిట్లి గింజలు రాలిపోతున్నాయి. కొన్నవాళ్ళు సరుకు తిప్పి పంపారు. పిల్లతల్లి రావడం మానేసింది. ముసలమ్మ వచ్చి ఊరికే గేటు దగ్గర కూర్చుంటోంది.

"పాత పద్ధతే పెట్టమని మనమే వెళ్ళి చెబుదాంరా."

"మన సలహా తప్పని మనమే చెప్పుకుంటే రేపు పనెవడిస్తాడు?"

"పోనీ ఒక్కసారి వచ్చి చూడు."

నేను వెళ్ళలేదు. అతను మాత్రం సొంత ఖర్చుతో బస్సెక్కి వెళ్ళొస్తూనే ఉన్నాడు. వెళ్ళిన రోజల్లా అతని పేరు కింద ఖాళీయే. సంవత్సరాంతంలో కన్సల్టెన్సీ నడిపే మా పెద్దాయన బోర్డు ముందు నిలబడి, "ఏంటి, ఇతను పనిచేస్తున్నాడా అసలు?" అని అడిగాడు. ఆ ఖాళీ రోజులు ఎక్కడ గడిచాయో ఆ గదిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

"బోర్డు మీద ఉన్నదే కదండీ" అన్నాను.

నెల తిరక్కుండా అతన్ని పంపించేశారు. తర్వాత దాచేపల్లి వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీవాళ్ళు అతన్ని ఇంటర్వ్యూ చేసి, అతని గురించి నాకు ఫోన్ చేశారు. "మనిషి మంచివాడేనండీ, పనిదినాలే తక్కువ" అన్నాను. ఆ ఉద్యోగమూ రాలేదు. నాన్న కొట్లో కూర్చున్నాడు. నేను మాత్రం పైకి ఎదిగాను, గోదాము కథ చెప్పుకుంటూ.

చాలా ఏళ్ళకి చీరాల వెళ్ళి ఆ కొట్టు మెట్లెక్కాను. అతని జుట్టు నెరిసింది, గొంతు అదే.

"ఏరా, రిపోర్టు ఇచ్చేశాక మళ్ళీ వచ్చావేంటి?"

నవ్వబోయి ఆగిపోయాను. పెద్దాయనతో అన్న మాట, ఫోన్‌లో చెప్పిన మాట, రెండూ చెప్పేశాను. విప్పిన లుంగీని అతను మళ్ళీ మడత పెట్టాడు. మడత సరిగా కుదరలేదు. విప్పి ఇంకోసారి పెట్టాడు.

"ఇంటర్వ్యూలో నేనే ఏదో వాగి చెడగొట్టుకున్నానని మా ఆవిడ ఇప్పటికీ అంటుందిరా."

"నిజం చెప్పు ఆమెకి."

"నేను చెబితే సాకంటుంది. భోజనానికి రా, నువ్వే చెప్పు."

వెళ్ళాను. ఆమె వడ్డిస్తుండగా చెప్పాను, ఫోన్‌లో అన్న మాట అన్నట్టుగానే. ఆమె గరిట గిన్నెలో పెట్టేసింది. నా వైపు చూడలేదు.

"ఇన్నేళ్ళూ మిమ్మల్నే అన్నానే" అంది భర్తతో.

"అయితే అయిందిలే. వాడి కంచంలో పప్పు లేదు, చూడు" అన్నాడతను.