ఇసుక బల్ల మీద మూడో బండి

డెబ్భై ఒకటో సంవత్సరం, అక్టోబరు చివరి వారం. మధ్యాహ్నం రెండున్నరకు లారీ మమ్మల్ని ఒక మామిడితోట దగ్గర దించింది. అక్కడికి పడమరగా పదకొండు మైళ్లలో సరిహద్దు. నేల బల్లపరుపు. వరి కోసేసిన చేలు, వాటి మధ్య పొడవాటి మట్టికట్ట, కట్టకు అవతల ఎండిపోయిన ఏటి పాయ ఉందన్నారు. పగలు చొక్కా తడిసే ఎండ. తెల్లవారుజామున రెండు దుప్పట్లు కప్పినా ఆగని చలి. నా దగ్గర కిట్ బ్యాగు, రైఫిలు, మెస్ టిన్ను ఉన్నాయి. వాటితోపాటు ఒక టర్పెంటైన్ సీసా, ఏడు బ్రష్షులు. సైన్యంలో నేను పెయింటర్ని.

మాది తెనాలి పక్కన కొల్లిపర. మా నాన్న తెనాలిలో నాటకాల తెరలు, మిల్లు బోర్డులు రాసేవాడు. ఆయన చేతికింద నేర్చుకున్న పనితోనే అరవై మూడులో సైన్యంలో చేరాను. ఎనిమిదేళ్లు బండ్ల మీద నంబర్లు రాశాను, ఇసుక బకెట్లకు ఎర్ర రంగు వేశాను, ఆఫీసర్ల మెస్ ముందు రాళ్లకు సున్నం కొట్టాను. రాళ్లకు సున్నం కొట్టడానికి అంత దూరం పోవాలా అని మా అమ్మ ప్రతి సెలవుకీ ఎగతాళి చేసేది.

సాయంత్రం నాలుగింటికి సుబేదార్ సాబ్ నన్ను ఒక బంకర్లోకి తీసుకెళ్లాడు. నేలలో తవ్విన గది. పైన దుంగలు, దుంగల మీద ఇసుక బస్తాలు. లోపల పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు బల్ల. దాని చుట్టూ జానెడు చెక్క అంచు కట్టి లోపల ఇసుక పోశారు. ముందుకు కదలబోయే ముందు ఆ నేలంతా ఈ ఇసుకలో చిన్నదిగా కడతారు. కట్ట ఎక్కడుంది, పాయ ఎక్కడుంది, ఏ బండి ఏ దారిన పోవాలి అన్నది వెళ్లబోయే వాళ్లు చుట్టూ నిలబడి కళ్లతో నేర్చుకుంటారు. దాన్ని చూసుకునే మేజర్ సాబ్ ఒక అట్టపెట్టె నా ముందు పెట్టాడు. నిండా ఆటబొమ్మలు. బజారులో దొరికినవన్నీ తెప్పించాడట. ముప్పై నాలుగు లెక్క తేలాయి. కీ ఇస్తే నిప్పురవ్వలు కక్కే రేకు ట్యాంకులు, నీలం బస్సులు, ఎర్ర ఫైరింజన్లు, పసుపు ప్లాస్టిక్ కార్లు.

"ఇవి పిల్లల బండ్లు. శుక్రవారం పదింటికి ఇవి నా బండ్లు కావాలి" అన్నాడు మేజర్ సాబ్ హిందీలో.

ఇప్పుడు నాకు రేపల్లెలో బోర్డులు రాసే కొట్టుంది. మిల్లు గుమస్తాలు వచ్చి కూర్చుంటారు. "యుద్ధంలో మీరేం చేశారండి?" అని అడుగుతారు. "బొమ్మలకు రంగులు వేశానండి" అంటాను. నవ్వుతారు. పరాచికం అనుకుంటారు.

పని ఇలా సాగింది. ముందు సబ్బునీళ్లలో కడిగి జిడ్డు తీయాలి, లేకపోతే రంగు పట్టదు. తర్వాత గరుకు కాగితంతో రుద్దాలి. స్టోరులో ఉన్నది అసలు బండ్లకు వేసే ముదురాకుపచ్చ. అది బొమ్మకు అలాగే వేస్తే నల్లగా కనబడుతుంది. వస్తువు చిన్నదైనకొద్దీ రంగుకు తెలుపు కలపాలి. మెరుపు పోవడానికి సుద్దపొడి కలిపాను. నీలం బస్సుల పైకప్పులు రంపంతో కోసి మూడు టన్నుల లారీలు చేశాను. లారీ మీద టార్పాలిన్ కోసం కట్టుగుడ్డ ముక్కలను గంజిలో ముంచి, వంగిన తీగల మీద ఆరేశాను. గంజి పెట్టిన గుడ్డ ఎలా నిలబడుతుందో మనకు ఒకరు చెప్పాలా? వంటవాడు మాత్రం నాలుగు రోజులు గంజి ఎందుకని గొణిగాడు. ట్యాంకు తుపాకులకు పాత గొడుగు ఊచలు సరిపోయాయి. పసుపు కార్లను జీపులు చేస్తే, ట్యాంకు కన్నా జీపు పెద్దదిగా ఉండేది. దానికి ఎవరూ ఏమీ చేయలేరు.

రెండో రోజు మధ్యాహ్నం మందుగుండు లారీ డ్రైవర్ ఒకడు గుమ్మంలోంచి తొంగి చూశాడు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డు పల్లె వాడిది. చేపలు పట్టే ఇంటి బిడ్డ. మా రెజిమెంటులో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

"అన్నాయ్, ఇందులో నా బండేది?"

"అదిగో, ఆ వరసలో మూడోది."

"నాదొక్కటే అంత లావుందేంటి?"

"ఫైరింజను అది. బస్సులు అయిపోయినయ్. నిచ్చెన కోసేశాను."

"పోన్లే, నిప్పంటుకుంటే దానికదే ఆర్పుకుంటది" అని నవ్వాడు. తర్వాత వాడి బండి నంబరు కూడా రాయమన్నాడు. రెండు వెంట్రుకలున్న బ్రష్షుతో వెనక తలుపు మీద రాశాను. వాడు అద్దం చూసుకుంటున్నట్టు బొమ్మను వెలుగులోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. ఆ రోజునుంచి డ్యూటీ దిగగానే వచ్చి కూర్చునేవాడు. వాళ్ల నాన్న గురించి, వలల గురించి, అలల గురించి చెప్పేవాడు. నేను రంగు వేస్తూ వినేవాణ్ని.

బల్ల మీద పడమటి మూలలో ఎండిన పాయ ఉంది. కట్ట మీదుగా చుట్టూ పోతే ఆరు మైళ్లు, పాయకు అడ్డంగా పోతే రెండు మైళ్లు. మందుగుండు బండ్లు అడ్డంగానే పోవాలి. ఆ మూల మీద నేను రెండు రోజులు పనిచేశాను. ఇసుకను జల్లెడ పట్టి, పెనం మీద వేయించి రంగు తెప్పించాను. జిగురు పోసి, ఆరాక సూదితో బీటలు గీశాను. అంత మంచి పని అంతకుముందు చేయలేదు, తర్వాత కూడా చేయలేదు.

నవంబరు చివర్లో ఒకరోజు ఉదయం ఏడున్నరకు గస్తీకి వెళ్లిన హవల్దార్ ఆ పాయలోంచి గుప్పెడు గడ్డి తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"గడ్డి రంగు సరిగ్గా రావాలని మేజర్ సాబ్ చెప్పాడు. చూసుకో" అన్నాడు.

"నేల ఎలా ఉంది?" అని అడిగాను.

"నడిచి వచ్చాం. బూటు కూడా దిగలేదు."

హవల్దార్ వెళ్లిపోయాడు. నేను ఒక కాడ తీసి వేళ్ల మధ్య నలిపాను. గుండ్రంగా లేదు. మూడు పలకలు తగిలాయి. తుంగ. మా వైపు కాలవల వెంట పెరిగే, చాపలల్లే తుంగ. వేరు తెల్లగా ఉంది, దానికి నల్లటి బురద ఎండి అంటుకుని ఉంది. అలాంటి తుంగ ఉన్నచోట కింద నీళ్లుంటాయని కొల్లిపరలో గేదెలు కాసేవాళ్లకు కూడా తెలుసు. పాల మీద మీగడలాగా పైన గట్టి పొర కడుతుంది, కింద బురద అలాగే ఉంటుంది. మనిషిని మోస్తుంది. బండిని మోయదు.

పదకొండింటికి బ్రిగేడియర్ సాబ్ వస్తున్నాడు. ఆ మూలను తడినేలగా చూపించాలంటే నేను గీసిన బీటలన్నీ పెకలించాలి. మూడు గంటల్లో అయ్యే పని కాదు. పెయింటర్ మాట ఎవడు వింటాడులే అని కూడా అనుకున్నాను. ఈ రెండోది నేను తర్వాత కల్పించుకున్న సాకు. మొదటిదే నిజం. నా పని పాడు చేసుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. కొబ్బరి పీచు కత్తిరించి, పాయలో నాటి, ఎండుగడ్డి రంగు వేశాను. ఆ తుంగను బయట పారేశాను.

బ్రిగేడియర్ సాబ్ బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. పడమటి మూలలో వంగి చూశాడు. "నేలనే చూస్తున్నట్టుంది. ఎవరు చేశారు?" అన్నాడు. మేజర్ సాబ్ నన్ను చూపించాడు. సెల్యూట్ చేశాను. సంతోషం వేసింది. అది దాచను.

తర్వాత పన్నెండు మంది డ్రైవర్లను పిలిచి దారి చూపించారు. అందరూ వెళ్లాక మా బాపట్ల వాడు ఆగిపోయాడు.

"అన్నాయ్, ఆ పాయలో నేలెట్టా ఉంటది? లోడు బరువు మూడు టన్నులు."

"గట్టిదే" అన్నాను.

"నువ్వు చూశావా?"

"గస్తీ వాళ్లు నడిచొచ్చారు."

"సర్లే, నువ్వు చెప్పావంటే చాలు. కాలవ నేల సంగతి మీకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తది" అని వెళ్లిపోయాడు.

యుద్ధం మొదలైన నాలుగో ఉదయం బండ్లు కదిలాయి. పొగమంచు. పది గజాల అవతల ఏమీ కనబడదు. నేను బంకర్లో బల్ల దగ్గర నిలబడ్డాను. వైర్‌లెస్ ఆపరేటర్ చెప్పినట్టు బొమ్మలు జరపడం నా డ్యూటీ.

అయిదూ నలభైకి ఆపరేటర్ అన్నాడు: "ఒకటి పాయ దాటింది." జరిపాను. అయిదూ నలభై ఆరు: "రెండు దాటింది." జరిపాను. అయిదూ యాభై ఒకటి: "మూడు దిగబడింది."

"ఎంత లోతు?" అని మేజర్ సాబ్ అడిగాడు.

"ఇరుసు దాకా, సాబ్."

మొదటి రెండు బండ్లు మీగడను పగలగొట్టాయి. మూడోది పాలలో దిగింది. మిగిలిన తొమ్మిదింటినీ కట్ట మీదుగా మళ్లించమని మేజర్ సాబ్ చెప్పాడు. డ్రైవర్ను దిగి వచ్చేయమన్నాడు. వాడు దిగలేదు. చక్రాల కింద చెక్కలు వేసి బండి తీస్తానని జవాబు పంపాడు. ఆరూ అయిదుకు మంచు విడిపోయింది. ఆరూ పన్నెండుకు ఆపరేటర్ చెవి మీద చెయ్యి పెట్టుకుని విని, "మూడు మీద షెల్లు పడింది" అన్నాడు. మళ్లీ విని, "మూడు లేదు" అన్నాడు.

మేజర్ సాబ్ బల్ల వైపు చూశాడు. "మూడో బండి తీసెయ్" అన్నాడు.

తీశాను. ఇసుకలో నాలుగు చక్రాల గుర్తులు మిగిలాయి. ఎవరూ చెప్పకుండానే బ్రష్షుతో వాటిని చెరిపాను.

ఎనిమిదింటికల్లా తొమ్మిది బండ్లూ చేరాయి. పన్నెండింటికి పూరీలు, బంగాళాదుంప కూర పెట్టారు. తిన్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. ఆ వారమంతా బాగా నిద్రపట్టింది. నాలో ఏదో చెడిపోయిందని అప్పుడు అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

కాల్పులు ఆగిన మూడో రోజు దెబ్బతిన్న బండ్లు ఎత్తే వాళ్లతో కలిసి పాయకు వెళ్లాను. రెండు నెలలు నా చేతుల మీద ఉన్న నేలను మొదటిసారి అప్పుడే చూశాను. చక్రాల గాడుల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. తుంగ మోకాలెత్తు, పచ్చగా ఉంది. వాణ్ని అంతకుముందే దహనం చేశారు.

మార్చిలో సెలవు ఇచ్చారు. మూడు రోజుల రైలు. తెనాలిలో దిగి ఇంటికి వెళ్లాను. మా అమ్మ ఏం కూర చేసిందో గుర్తులేదు. మరునాడు పొద్దున్నే పాసింజరెక్కి బాపట్లలో దిగి, సముద్రం వైపు అయిదు మైళ్లు నడిచాను. తొమ్మిదిన్నరకు వాళ్ల పల్లె చేరాను. ఇల్లు అడిగితే చూపించారు. వాళ్ల నాన్న పాకలో కూర్చుని చిరిగిన వల బాగుచేస్తున్నాడు. చేతిలో చెక్క సూది, దానికి నూలుదారం. నేనెవరో చెప్పాను. చాప వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. మళ్లీ వల అందుకున్నాడు.

"వీరమరణం అని కాయితం వచ్చింది బాబూ. ఎట్టా పోయాడో రాయలేదు. నువ్వు చూశావా?"

"బండి బురదలో దిగబడిందండి. అప్పుడు షెల్లు పడింది."

ఆయన తల అడ్డంగా ఊపాడు. చేతులు మాత్రం ఆగలేదు. "మావోడు బురదలో దిగాడంటే నమ్మబుద్ధి కాదయ్యా. ఇంతప్పుడే కాలితో తొక్కి చెప్పేవోడు, ఇది నిలుస్తది, ఇది నిలవదని. ఎవురో గట్టిదని చెప్పుంటారు."

"చెప్పారండి."

"ఆ చెప్పినాయన ఉన్నాడా, ఆయనా పోయాడా?"

"ఉన్నాడండి."

"ఉండనీలే. తెలీక చెప్పుంటాడు పాపం. తెలిసి ఎవురు చెబుతారు?"

అవునండి అని లేచి రావచ్చు. రైలు టైమైందని చెప్పొచ్చు. తెనాలి నుంచి దారి పొడవునా అలాగే చేయాలనుకుంటూ వచ్చాను.

"అతనికి తెలుసండి" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. నా ముఖంలోకి చూశాడు. ఎవరని అడగలేదు. ఎందుకని అడగలేదు. ఆయన లేచాడు. వలను గుంజ మీదనుంచి తీసి భుజాన వేసుకున్నాడు. సగం అల్లిన చిరుగు అలాగే ఉంది. పాక దిగి సముద్రం వైపు నడిచాడు. వెనక్కి తిరగలేదు. వల అంచునుంచి జారిన చెక్క సూది దారం చివర వేలాడుతూ, ఆయన మడమల వెనక ఇసుకలో సన్నటి గీత గీసుకుంటూ పోయింది.