మా ఆయన వోల్టుల లెక్క

మా ఆయన ఇనోకేకి లెక్కలు వచ్చు, కాదనడం రాదు. ఈ రెంటినీ ఒకే మనిషిలో పెట్టి దేవుడు నాకు అంటగట్టాడు.

ఓడల్లో కరెంటు పని చేసి చేసి దీవికి తిరిగొచ్చాక ఊరి జనరేటర్ ఆయనే చూసుకుంటున్నాడు. సాయంత్రం ఆరింటికి తిప్పితే పదింటికి ఆపుతాడు. ఆ కాసేపట్లోనే మా చిన్న ఫ్రిజ్ బాగా చల్లబడాలి. మర్నాటి సాయంత్రం దాకా ఆ చల్లదనమే దిక్కు. అందులో ఉన్నది నా ఇన్సులిన్. కిందటేడు సువా పట్నం ఆసుపత్రిలో నా కాలి వేళ్ళు రెండు తీసేశారు. "ఈసారి మందు చెడిందా, కొత్త మందుతో పడవ వచ్చేదాకా నేనేం చెయ్యలేనమ్మా. ఆ తరవాత పొయ్యేది కాలే" అని నర్సు కెలేరా ముందే చెప్పింది.

ఇలా ఉండగా పక్కింటి మా అన్నయ్య సకియుసాకి నడుం పట్టేసింది. కట్టెలు కొట్టలేక, చర్చి హాల్లో టీ కాచే పెద్ద కరెంటు పాత్ర తెచ్చుకుని చేమదుంపలు ఉడకేసుకోవడం మొదలెట్టాడు. "బావా, ఒక తీగ లాగివ్వు" అన్నాడట. మా ఆయన లాగిచ్చాడు, మా చూరు కింద మా లైనుకే ముడేసి. బావ అడిగితే మా వైపు మగవాళ్ళు ఒంటి మీద చొక్కా అయినా విప్పి ఇచ్చేస్తారు.

ఆ రోజు నుంచి ఆరింటికి ఫ్రిజ్ గుర్రుమనడం, టక్కున ఆగిపోవడం. మందు సీసా పట్టుకుంటే గోరువెచ్చగా ఉంది. మా ఆయన్ని కేకేశాను.

మా ఆయన మీటరు తెచ్చి అక్కడా ఇక్కడా పెట్టి చూసి, సుద్దముక్కతో వంటింటి తలుపు మీద రాశాడు.

"జనరేటర్ దగ్గర రెండొందల నలభై వోల్టులు. మన దగ్గర నూట ఎనభై. అరవై దారిలోనే పోతోంది. తీగలో పారేది ఎనిమిది ఆంపియర్లు. అరవైని ఎనిమిదితో భాగిస్తే ఏడున్నర ఓములు. అదీ మన తీగ అడ్డు. అరవైని ఎనిమిదితో గుణించు, నాలుగొందల ఎనభై వాట్లు. అంత కరెంటూ ఊరికే తీగని వేడి చెయ్యడానికి పోతోంది మకెరెతా." తలుపు కేసి ఎంత మురిపెంగా చూసుకున్నాడో చెప్పలేను.

"ఎవరి వల్ల?" అన్నాను.

"బావ పాత్ర వల్ల. మన చూరు నుంచి లాగిన సన్నతీగలో ఇంకో ముప్పై వోల్టులు పోయి, పాపం దానికీ అందట్లేదు. మూడువేల వాట్లది, పన్నెండొందలే దక్కుతున్నాయి. అందుకే అంతసేపు పెడుతున్నాడు."

"పాపమా? వెళ్ళి ఆపమని చెప్పండి."

నేను చెప్పే వీలుంటే ఈయన్ని బతిమాలేదాన్ని కాదు. మాలో పెద్దయ్యాక అన్నాచెల్లెళ్ళు ఎదురుపడి మాట్లాడుకోరు. చిన్నప్పుడు ఒకే బుట్టలో పీతలు పట్టుకొచ్చిన అన్నయ్య, నేను పెద్దమనిషినయ్యాక నా వైపు తలెత్తి చూడలేదు.

మా ఆయన, ఏదైనా అడగబోయేవాళ్ళు ఇచ్చే, దంచి నీళ్ళలో కలుపుకు తాగే యంగోనా వేరు చేతిలో పట్టుకుని మర్యాదగా వెళ్ళాడు. గంట సేపు అక్కణ్ణుంచి నవ్వులు. ఈయన వోల్టులనడం, అన్నయ్య "ఓడ మీంచి చేపలకి కూడా ఈ పాఠాలే చెప్పావా బావా, అందుకే వల్లో పడట్లేదు" అనడం. మా ఆయన ఇంటికి తిరిగొచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"ఆపుతానన్నాడా?"

"దుంపలు ఉడకట్లేదని బాధపడ్డాడు. బావకిచ్చిన తీగ సన్నం కదా, లావుది వేస్తానన్నాను."

"వేస్తే?"

అలవాటు ఊరుకుంటుందా, సుద్దముక్క తీశాడు. "తొమ్మిది ఆంపియర్లు లాగుతుంది. మనకి నూట డెబ్బై రెండు వోల్టులు" అని రాసి, రాసింది చూసుకుని, మెల్లగా నా వైపు తిరిగాడు.

"నా మందు సంగతి చెప్పారా?"

"అదెలా చెప్తానే? తోడబుట్టినవాడి ముందు నీ ఒంటి సంగతి ఎత్తమంటావా? సిగ్గు కాదూ? నువ్వు సువా వెళ్ళినప్పుడు కూడా జ్వరమనే చెప్పాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. కత్తి తీసుకుని చూరు కిందకి వెళ్ళాను. అడ్డం పడ్డాడు. కరెంటు పారే తీగ కొయ్యకూడదట, అందులోనూ బావకిచ్చిన తీగ. సరే పొమ్మని కత్తి అక్కడే పడేసి, కుంటుకుంటూ అన్నయ్య గుమ్మం ముందుకి వెళ్ళాను. మా ఆయన వెనకాలే వస్తూ "వద్దే, ఊరు ఏమనుకుంటుంది" అని గొణుగుతూనే ఉన్నాడు.

"అన్నయ్యా" అన్నాను.

లోపల దుంపలు చెక్కుతున్న చప్పుడు ఆగింది. అన్నయ్య గుమ్మంలోకి వచ్చి నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"ఆ పాత్ర ఆపు. నా మందు మా ఫ్రిజ్‌లో ఉంది. నీ పాత్ర పెడితే ఫ్రిజ్ నడవదు. మందు చెడితే నా కాలు తీసేస్తారు."

జవాబు నాకివ్వలేదు. "చేపలకనుకున్నాను బావా ఆ ఫ్రిజ్. ఇంతసేపు కూర్చుని ఈ ముక్క చెప్పలేదేం?" అన్నాడు మా ఆయనతో. అన్నయ్య లోపలికి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చి ఈసారి తలెత్తాడు. గడ్డం అంతా నెరిసిపోయింది. పెద్దయ్యాక అంత దగ్గర్నుంచి నేనూ ఎప్పుడూ చూడలేదు.

"ఏ కాలు?" అన్నాడు, నాతో.

"ఎడమది" అన్నాను. అంతవరకూ ఉన్న కోపం ఏమైపోయిందో, ఏడుపొచ్చేసింది.

అన్నయ్య నా పాదం చూశాడు. వేళ్ళు లేనిచోట చూపు ఆగిపోయింది. నడుం పట్టేసిన మనిషి, మెట్టు పట్టుకుని నెమ్మదిగా దాని మీద కూర్చున్నాడు.

"ఎప్పుడు తీశారు?" అన్నాడు.